రుద్దేసిన నంబరు

పదకొండో వారం

నిర్మల్‌లో బస్సు ఆగినప్పుడు, ఇంజన్లు విప్పి చూపేందుకు ఇన్‌స్పెక్టర్ వెంట తెచ్చుకున్న మెకానిక్ కొండల్ మేస్త్రీ చేసిన పనిని పోయినవారం మనం చూశాం. కరీంనగర్‌లో వెండి తీగపని చేసేవాళ్ల దగ్గర ఇన్‌స్పెక్టర్ కొని తెమ్మన్న తేజాబు, అంటే యాసిడ్, సీసాను అతను కుళాయి దగ్గరికి పట్టుకుపోయాడు. సగం మోరీ కాలువలో ఒంపేశాడు. మిగిలిన సగంలో కొంచెం కొంచెంగా నీళ్లు కలిపాడు. సీసా వేడెక్కితే తువాలు చుట్టి, బిరడా బిగించి, వచ్చి తన సీట్లో కూర్చున్నాడు. ముందు వరసలో, ఆడవాళ్ల సీటులో, ఉమ్రావ్ బేగం కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. అలా ఎందుకు చేశాడో కొండల్ మనకింకా చెప్పలేదు.

ఆ ఎండాకాలం కరీంనగర్ శివారులో రాళ్లు కొట్టిన పాత గుంత అడుగంటా ఎండిపోయి, అందులో దొరవారి షెవర్లే కారు డొల్ల బయటపడింది. పోలీసు చర్య జరిగిన వారంలో ఆ కారుతో సహా మాయమైన డ్రైవరు బాబు మియా కారు ఎత్తుకుని పాకిస్తాన్ పారిపోయాడని పదేళ్లుగా ఊరంతా నమ్మింది. అతని భార్య ఉమ్రావ్ బేగం ఒక్కతే నమ్మలేదు. బీడీలు చుట్టి బిడ్డ మక్సూదాను సాకుతూ దొంగ పెళ్లాం అనిపించుకుంటూ బతికింది. డొల్ల బయటపడగానే ఆమే ఠాణాలో ఫిర్యాదు ఇచ్చింది. గుంతలో డొల్ల దొరికింది గానీ ఇంజను లేదు. మనిషి ఎముకలూ లేవు. ఇంజను ఎక్కడుంటే దాన్ని అక్కడికి చేర్చినవాడి దగ్గర జవాబుంటుందని ఇన్‌స్పెక్టర్ లక్ష్మీరాజం రెండు జిల్లాల్లో ఉన్న పాత షెవర్లే ఇంజన్లన్నీ వెతికాడు. మూడు చూశాడు. మూడూ వేరే బండ్లవి. నాలుగోది, చివరిది, ఆదిలాబాద్‌లో లింగమూర్తి సేటు జిన్నింగు మిల్లులో ఉంది. ఈ లింగమూర్తే ఆ రోజుల్లో దొర దగ్గర గుమాస్తా. బాబు మియా కారుతో పారిపోయాడని ఠాణాలో రాసిచ్చింది అతనే.

మిల్లులో గింజ తీసే పని ఆ ఏటికి అయిపోయింది. మిషన్లు ఆగిపోయి ఉన్నాయి. ఎక్కడ చూసినా దూది పీచు పట్టుకుని ఉంది, తీగల మీదా, రేకుల మీదా, గోడ వారన ఊడుస్తున్న ఆడవాళ్ల జుట్టులోనూ. వాళ్లు మరాఠీలో ఏదో మాట్లాడుకుంటూ, బస్సు దిగినవాళ్లను ఎక్కించుకొచ్చిన పోలీసు జీపును చూసి ఆగిపోయారు.

లింగమూర్తి గేటు దాకా ఎదురొచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. తెల్లని ధోవతి, మోచేతుల దాకా మడిచిన చొక్కా. అతని ముఖంలో కంగారు ఏమీ లేదు. "రాండ్రి సార్, ఎండల నిలబడ్డరు," అని ఇన్‌స్పెక్టర్‌ను పలకరించి, బురఖా ముఖం మీద నుంచి ఎత్తుకుని నిలబడ్డ ఉమ్రావ్ బేగం వైపు తిరిగాడు. "మంచిగున్నవా అమ్మా. శానా దినాలాయె."

"ఉన్న, గుమాస్తా సాబ్," అంది ఆమె.

ఆ మిల్లులో అతన్ని గుమాస్తా అని పిలిచేవాళ్లు ఎవరూ లేరు. అతను నవ్వి ఊరుకున్నాడు. తర్వాత కొండల్‌ను చూశాడు.

"హనుమండ్లు మంచిగున్నడా కొండలూ? పిల్లలెందరు?"

హనుమండ్లు కొండల్ తమ్ముడు. "మంచిగున్నడు సేటు. ఇద్దరు పిల్లలు," అన్నాడు కొండల్. 

ఇంజను ఉన్న గది మిల్లు వెనకాల ఉంది. సిమెంటు దిమ్మ మీద బిగించి, ఆకుపచ్చ రంగు వేసి, మిల్లుకు దీపాలు వెలిగించే డైనమోకు తోలు పట్టా తగిలించి వాడుతున్నారు. ఇన్‌స్పెక్టర్ పట్టా తీయించి, కిరసనాయిలులో ముంచిన గుడ్డతో ఇంజను కుడిపక్క తుడవమన్నాడు. కొండల్ తుడిచాడు. చెయ్యి ఎక్కడికి పోవాలో దానికి ముందే తెలుసు. జిడ్డు పోయి, రంగు లేచి, రెండు వేళ్ల వెడల్పున్న చదునైన జాగాలో ఏడంకెలు కనబడ్డాయి.

ఇన్‌స్పెక్టర్ భూతద్దం పెట్టి చదివాడు. "రెండు, మూడు, ఎనిమిది, ఐదు, సున్న, తొమ్మిది, నాలుగు."

లింగమూర్తి సిద్ధంగా పెట్టుకున్న కాగితం చేతికిచ్చాడు. జిల్లా సరిహద్దు అవతలి చాందాలో తుక్కుకింద అమ్మేసిన ఒక షెవర్లే కారుది. అదే నంబరు. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు సరిచూశాడు. జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. అది నిజాం సర్కారు నాటి, దొర కారు రిజిస్ట్రేషను చీటి. దొర ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ గడితోపాటు కాలిపోతే, బాబు మియా తన రేకు పెట్టెలో దాచుకున్న ఆ చీటి మాత్రం మిగిలింది. అందులో ఉర్దూ అంకెల్లో ఉన్నది వేరే నంబరు.

"కలుస్తలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అద్దం మాత్రం జేబులో పెట్టుకోలేదు. మళ్లీ వంగి చూశాడు. "కొండల్, ఇటు రా. ఈ అడ్డగీతలేంది? ఆకురాయి పెట్టినట్టు లేదూ?"

"తుప్పు గీకిన గీతలు సార్," అన్నాడు కొండల్. "గింత పాత ఇంజనుకు ఉంటయి."

"తేజాబు తెచ్చినవా?"

కొండల్ సీసా అందించాడు. ఇన్‌స్పెక్టర్ శిక్షణలో నేర్చుకున్నది ఇది: ఇనుము మీద అంకె గట్టిగా గుద్దినప్పుడు ఆ దెబ్బ లోపలికి కూడా దిగుతుంది. పైన రుద్దేసినా లోపల నలిగిన ఇనుము అట్లాగే ఉంటుంది. తేజాబు పట్టిస్తే ఆ నలిగిన జాగా ముందుగా నల్లబడి, చెరిపేసిన అంకె మళ్లీ కనబడుతుంది. ఆయన మిల్లు నేల మీద నుంచే ఇంత దూది తీసి, పుల్లకు చుట్టి, తడిపి రాశాడు. అందరూ చూస్తూ నిలబడ్డారు. ఐదు నిమిషాలు గడిచాయి. పది నిమిషాలు గడిచాయి. ఇనుము కాస్త మసకబారింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చి నడుము నిటారు చేసుకున్నాడు. మూడు వారాల తిరుగుడు అతని భుజాల్లో కనబడింది. గోడవారన ఉన్న బల్ల దగ్గర కూర్చుని, కాగితాల కట్ట విప్పి రాయడం మొదలుపెట్టాడు. "బేగం, ఇది మీ కారు ఇంజను కాదు. అదే రాస్తున్న. ఇంజను దొరకలేదు కాబట్టి, డ్రైవరు కారును గుంతల వదిలేసి, ఇంజను అమ్ముకొని పోయిండని మా పెద్దలంటరు. నేను అడ్డం చెప్పేటందుకు నా దగ్గర ఇంకేం లేదు. ఇక్కడ మీరు వేలిముద్ర వేయాలె."

ఉమ్రావ్ బేగం బల్ల దగ్గరికి పోలేదు. ఇంజను దగ్గరికి వచ్చి కొండల్ పక్కన నిలబడింది.

"నాకు చదువు రాదు," అంది. "నువ్వు చదివి చెప్పు కొండల్."

"సార్ చదివిండు గద భాబీ."

"నువ్వు చదువు. నువ్వు మక్సూదా అబ్బా చేతికింద పని నేర్సినోనివి. నువ్వు చెప్తే నేను ముద్ర ఏస్త."

అది నిజం. కొండల్ కమ్మరి ఇంట పుట్టాడు. నాగటి కర్రులు సాగగొట్టుకుంటూ ఉండేవాడిని పిలిచి, చేతిలో పానా పెట్టి, ఇంజను విప్పడం, బిగించడం, దాని చప్పుడు విని రోగం పట్టుకోవడం నేర్పింది బాబు మియా. ఉస్తాద్ అని పిలిచేవాడు అతన్ని.

కొండల్ వంగి చదవడం మొదలుపెట్టాడు. "రెండు. మూడు." మూడో అంకె దగ్గర ఆగిపోయాడు. "ఎనిమిది." మళ్లీ ఆగాడు.

ఉమ్రావ్ బేగం కాసేపు చూసింది. తర్వాత బల్ల దగ్గరికి పోయి, సిరా డబ్బాలో బొటనవేలు అద్దుకుని, "యాడ ఎయ్యాలె సార్?" అని అడిగింది.

"సార్," అన్నాడు కొండల్. "ఆమెతోని ముద్ర ఏయిపియ్యకుండ్రి."

ఇన్‌స్పెక్టర్ తల ఎత్తాడు.

"ఆ నంబరు కార్ఖానల కొట్టింది కాదు. నేను కొట్టిన."

 ముందుగా మాట్లాడింది లింగమూర్తి. "మనిషికి ఎండ తగిలినట్టున్నది సార్. పొద్దటి సంది బస్సుల కూసున్నడు. మజ్జిగ తెప్పిస్త."

"వద్దు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని కళ్లు కొండల్ మీదే ఉన్నాయి. "ఎప్పుడు కొట్టినవ్?"

"నలభై తొమ్మిదిల. మాఘమాసం. ఎనిమిది చూడుండ్రి సార్. పై సున్న పెద్దగున్నది, కింది సున్న చిన్నగున్నది. కార్ఖాన అంకె గట్ల ఉండది. గా అచ్చులు మా బాపు చేసినయి. లారీ కమాను పట్టీల ముక్కలు కొలిమిల కాల్చి చేసిండు. ఆయనకు అంకెలు రావు. ఎవలో చీటీల మీద గీసిస్తే చూసి చేసిండు. ఎనిమిది చీటీని తలకిందులు పట్టుకున్నడు. తక్కినయి తప్పయితే దిద్దిపిచ్చిన్రు. ఎనిమిది ఎటు పట్టినా ఎనిమిదే అని వదిలేసిన్రు. గా అచ్చు ఇప్పటికీ నా దుకాణంల ఉన్నది."

ఇన్‌స్పెక్టర్ లేచి వచ్చి భూతద్దం పెట్టాడు. చాలాసేపు చూశాడు. లేచి నిలబడ్డప్పుడు అతని ముఖం మారిపోయి ఉంది. "ఎవలు కొట్టమన్నరు?"

కొండల్ లింగమూర్తి వైపు వేలు చూపలేదు. చూపనక్కర కూడా లేదు.

"అప్పుడు మా తమ్మున్ని మిలిటరీ వాళ్లు పట్టుకపోయిన్రు సార్. కమ్యూనిస్టు సంఘపోల్లకు అన్నం పెట్టిండని. క్యాంపుల ఏసిన్రు. గా క్యాంపు నుంచి రోజుకొక పీనుగ ఎల్లేది. మా అవ్వ అన్నం ముట్టుడు బంద్ జేసింది. సేటు గప్పుడు మిలిటరీ సాబులకు సామాన్లు పంపుతుండె. ఇంజను బండిల ఏసి నా కొలిమి కాడికి తోలిచ్చిండు. నంబరు రుద్దేసి, గీ కాయితం మీదున్న నంబరు కొట్టు, మూడొద్దులల్ల నీ తమ్ముడు ఇంటికొస్తడన్నడు. కొట్టిన. మూడోనాడు హనుమండ్లు వచ్చిండు. కాళ్లు వాసి ఉన్నయి. కానీ పానంతోని వచ్చిండు."

"ఇదంత ఎవరన్న చూసిన్రా?" లింగమూర్తి గొంతు మునుపటిలాగే మెల్లగా ఉంది. "దొంగ పని తనే చేసి ఇప్పుడు నా నెత్తిన రుద్దుతున్నడు సార్. అచ్చులు వానియే అంటున్నడు. చెయ్యి వానిదే అంటున్నడు. నాకేం సంబంధం?"

 ఇన్‌స్పెక్టర్ జవాబిచ్చేలోపే ఉమ్రావ్ బేగం ముందుకొచ్చింది. ఆమె బొటనవేలికి సిరా ఇంకా తడిగానే ఉంది. ఆ చేతిని బట్టలకు తగలకుండా దూరంగా పట్టుకుని నిలబడింది.

"నిర్మల్ల నువ్వు నీళ్లు కలిపింది బస్సు కిటికీలకెళ్లి నేను చూసిన," అంది.

కొండల్ నేల చూశాడు.

"చూసి గమ్మున కూసున్న. ఎందుకు కలిపినవో నీ నోటితోనే చెప్తవేమో అని చూసిన. చెప్పినవ్. మంచిది. ఇంగొక్కటి అడుగుత. నువ్వు గా నంబరు రుద్దిన్నాడు, గీ ఇంజను ఎవలదో నీకు ఎరుకేనా?"

ఎరుక లేదని అంటే సరిపోయేది. ఎవరో తెచ్చారు, ఏదో ఇంజను, తమ్ముడి ప్రాణం కోసం చేశాను అంటే ఆ గదిలో ఎవరూ కాదనలేరు. బస్సులో అదే మాట కూడబలుక్కున్నాడు కొండల్, ఒకవేళ దొరికిపోతే చెప్పడానికి. ఇప్పుడు ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"ఎరుకే," అన్నాడు.

వంగి, జేబులోంచి చిన్న కత్తి తీసి, ఇంజను పక్కన ఆకుపచ్చ రంగు గీకాడు. రంగు పొరలుగా రాలింది. కింద ఇనుములో ఒక సన్నని చీలిక, ఆ చీలిక పొడుగునా వరసగా బిగించిన రాగి మేకుల తలలు బయటపడ్డాయి. పదకొండు.

"జర్మనోని పెద్ద లడాయి దినాలల్ల ఇది పగిలింది. కొత్త ఇంజను దొరకని కాలం. ఉస్తాదు, నేను మూడొద్దులు కూసొని గీ మేకులు ఏసినం. నా కాడికి తెచ్చినప్పుడు దీనికి రంగు లేదు. బండి మీద గోనెపట్ట తియ్యంగనే మేకులు చూసిన. ఉస్తాదు కారు ఇంజనే అని అప్పుడే తెలిసింది. ఉస్తాదు దారిల ఎవలకో అమ్ముకున్నడేమో అని మనసుకు చెప్పుకున్న. పదేండ్లు గదే చెప్పుకున్న. నమ్మలే. నమ్మకుంటనే చెప్పుకున్న."

ఉమ్రావ్ బేగం ఆ రాగి మేకులను చూసింది. ఏడుస్తుందనుకున్నాడు ఇన్‌స్పెక్టర్. ఆమె ఏడవలేదు.

"మక్సూదాను బడిల దొంగ బిడ్డ అన్నరు," అంది. "బడి మాన్పిచ్చిన. దొర క్వార్టరు ఖాళీ చెయ్యమంటే కోళ్ల కొట్టంల ఉన్నం. నువ్వు రోజు మా ఇంటి ముంగట్నుంచే దుకాణానికి పోతుంటివి. ప్రతి రంజాన్‌కు నీ ఇంటికి సేమియా పంపుతుంటి. తీస్కుంటివి."

"తీస్కున్న," అన్నాడు కొండల్.

"తిన్నవా?"

అతను అవునన్నట్టు తల ఊపాడు.  ఆమె ఇంజనుకు అవతలి పక్కకు పోయి నిలబడింది. ఆ మనిషికీ తనకూ మధ్య ఆ ఇనుము ఉండాలన్నట్టు అటు నుంచి కదల్లేదు.

ఇన్‌స్పెక్టర్ మేకుల తలలను వేలితో తడిమాడు. "రాగి మేకులు నువ్వు చెప్పినయి. ఎనిమిది నువ్వు చెప్పింది. నీ మాట తప్ప కోర్టు ముందు పెట్టేటందుకు ఇంకేం లేదు. నువ్వేమో ఇందులో భాగమున్నోనివి. నాకు ఈ చీటి మీదున్న నంబరు ఇనుము మీద కనబడాలె. తేజాబు పాడు చేసినవ్ కద."

"పూర్తి పాడు కాలే సార్. బలం తగ్గింది, గంతే. ఓపిగ్గ పట్టిస్తే పలుకుతది. ముందుగాల నా అంకెలు తీసెయ్యాలె. నేను మెత్తగ కొట్టిన, కార్ఖాన దెబ్బంత లోపలికి దిగలే."

ఇన్‌స్పెక్టర్ ఆ జాగా మీద పల్చని కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది అంకెల నకలు తీసుకుని, కింద సంతకం పెట్టుకున్నాడు. లింగమూర్తిని కూడా పెట్టమన్నాడు. అతను పెట్టనన్నాడు. తన సామాను పాడు చేస్తున్నారని, పైవాళ్లకు రాస్తానని అన్నాడు. ఇన్‌స్పెక్టర్ ఆ మాట కూడా రాసుకున్నాడు.

తర్వాత కొండల్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. గరుకు కాగితం పెట్టి, తన తండ్రి చేసిన అచ్చులతో తను గుద్దిన ఏడంకెలను తనే రుద్దాడు. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. ఇనుము అద్దంలా మెరిసేదాకా రుద్ది, దూది తడిపి పట్టించాడు. ఆరగానే మళ్లీ పట్టించాడు. తేజాబు వాసనకు గొంతు మండింది. వేళ్ల చివర్లు పసుపుపచ్చగా మారి తిమ్మిరెక్కాయి. అరగంట గడిచింది. గంట కావచ్చింది. కిటికీలోంచి పడ్డ ఎండ దిమ్మ మీద నుంచి నేల మీదికి జారింది.

ముందుగా మధ్యలో ఒక నీడ కనబడింది. నిలువుగా, పైన అడ్డంగా. ఏడు. దాని పక్కన ఒక నిలువు గీత.

"అంకెలు తేలుతున్నయి సార్," అన్నాడు కొండల్.

ఇన్‌స్పెక్టర్ అద్దం తీసుకుని వంగేలోపు, ఇంజను అవతలి నుంచి ఉమ్రావ్ బేగం గొంతు వినబడింది. ఆమె అటు చూడటం లేదు. కళ్లు మూసుకుని ఉంది. ఏటా పన్ను కట్టడానికి పోయేముందు బాబు మియా ఆ చీటీ ఆమె చేతికిచ్చి, కాగితం పోయినా నంబరు పోకూడదని ఆమెకు కంఠతా పట్టించాడు. ఆమె అది మరిచిపోలేదు.

"దో," అంది.

కొండల్ చూశాడు. మొదటి అంకె జాగాలో రెండు మెల్లగా నల్లబడుతోంది.

"ఏక్. చార్. సాత్."

ఒకటి వచ్చింది. నాలుగులో సగం వచ్చింది. ఏడు ఉంది.

"ఏక్. తీన్. ఛే."

ఇన్‌స్పెక్టర్ చీటీ తీసి అంకెల పక్కన పట్టుకున్నాడు. అంకె అంకెకూ వేలు పెట్టి సరిచూశాడు. ఐదోది, ఆరోది స్పష్టంగానే ఉన్నాయి. చివరి ఆరు తోక ఒక్కటే కనబడింది. కానీ అది ఆరే. ఇంకే అంకె అయ్యేందుకు వీల్లేదు. రెండు, ఒకటి, నాలుగు, ఏడు, ఒకటి, మూడు, ఆరు.

ఆ గదిలో పది సంవత్సరాలకు మొదటిసారి బాబు మియా దొంగ కాకుండా పోయాడు.  ఉమ్రావ్ బేగం దిమ్మ అంచు పట్టుకుని కూర్చుంది.

"ఆరితే మళ్ల చెదిరిపోతది సార్," అన్నాడు కొండల్. "తొందరగ ఎవలకన్న చూపియ్యాలె."

ఇన్‌స్పెక్టర్‌కు ఆ సంగతి తెలుసు. బయటి మనుషులిద్దరు తమ కళ్లతో చూసి సంతకం పెడితే తప్ప పంచనామా నిలబడదు. "తడి ఆరనియ్యకు," అని కొండల్‌కు చెప్పి, తమతో జీపులో వచ్చిన జమేదారు అంతయ్యను గది బయట కాపలా నిలబెట్టి, పక్క మిల్లు వైపు గబగబా నడిచాడు. జీపు కోసం కూడా ఆగలేదు.

గదిలో ముగ్గురే మిగిలారు. లింగమూర్తి ఇంతసేపూ నిలబడ్డ చోటు నుంచి కదిలి, స్టూలు లాక్కుని, ఉమ్రావ్ బేగంకు ఎదురుగా కూర్చున్నాడు. కొండల్ అక్కడ ఉన్నట్టే చూడలేదు.

"అమ్మా," అన్నాడు. "నీ మొగడు దొంగ కాదని నీకెరుక, నాకెరుక. ఇప్పుడు సార్‌కు ఎరుకైంది. మంచిది. నేను జైలుకు పోత, కొండలు పోతడు. అయితే నీకేం దొరికింది? గీ ఇనుము దొరికింది. బాబు మియా దొరకలే."

ఆమె తల ఎత్తింది.

"బాబు మియా యాడున్నడో ఎరుకున్న మనిషి ఇప్పుడు నేనొక్కన్నే. ఇంకిద్దరుండె, చచ్చిపోయిన్రు. నేను కోర్టుకెక్కితే నోరు తెరువ. కొట్టినా తెరువ. వాళ్లు ఎన్ని గుంతలు తవ్వినా దొరకడు."

"ఉన్నడా?" అంది ఆమె.  "పానంతోని ఉన్నడా, మట్టిల ఉన్నడా?"

"చూపిస్తనంటున్న. రేపు పొద్దున నువ్వొక్కదానివే రా. నీ కండ్లతోని నువ్వే చూడు. దానికి బదులు సార్‌తోని ఒక్క మాట అను. ఇది మా కారు ఇంజను కాదు, నా ఫిర్యాదు వాపస్ తీసుకుంటున్న అను. ఫిర్యాదు నీది. నువ్వే వద్దంటే ఒక్క ఇన్‌స్పెక్టర్ ఎంత దూరం పోతడు? మిగిలింది నేను చూసుకుంట."

"భాబీ, వద్దు," అన్నాడు కొండల్. చేతిలో దూది పుల్ల అలాగే ఉంది. "గాయన మాట నమ్మకుండ్రి. తప్పిచ్చుకునేటందుకు అంటున్నడు."

ఉమ్రావ్ బేగం అతని వైపు తిరిగింది.

"నిన్ను పదేండ్లు నమ్మిన," అంది.

 కొండల్ దూదిని మళ్లీ తేజాబులో ముంచి, ఆ ఏడంకెల మీద పెట్టాడు. బయట చెప్పుల చప్పుడు వినబడింది. జమేదారు పక్కకు జరిగాడు. ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చాడు, వెనకాల పక్క మిల్లు తూకం మనుషులు ఇద్దరు, తలకు కట్టిన రుమాళ్లు విప్పుకుంటూ. ఆయన ఒక్క చూపుతో ఇంజను చూసి, అంకెలు ఇంకా ఉన్నాయని తెలుసుకుని, బల్ల దగ్గర కూర్చుని కొత్త కాగితం తీశాడు. కలం సిరాలో ముంచాడు.

"బేగం, మొదలు మీ మాటతోనే రాస్త. ఈ ఇంజను మీ భర్త నడిపిన కారుదే అని మీరు గుర్తుపట్టిన్రు. అంతే కద?"

ఉమ్రావ్ బేగం లేచి నిలబడింది. లింగమూర్తి వైపు చూడలేదు. కొండల్ వైపూ చూడలేదు.

"సార్," అంది, "జర ఆ కలం కింద పెట్టుండ్రి."

(ఇంకా ఉంది)